ఒక వేలు కిందికి

నాకు నలభై ఏళ్లు వచ్చిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం బీరువా తలుపు తీసి అలాగే చూస్తూ నిలబడిపోయాను. నిజానికి తీసింది తువ్వాలు కోసం. బయట వాన, గదిలో సగం చీకటి. హ్యాంగర్లకు వేలాడుతున్న బట్టలు ఎవరో లోపలినుంచి మెల్లగా ఊపినట్టు కదులుతున్నాయి. ఇది ఎవరి బీరువా అనిపించింది. ఎవరో ఒకావిడ తన బట్టలన్నీ నా గదిలో పెట్టి, వాటికి కాపలాగా నన్నూ పెట్టి ఎటో వెళ్లిపోయినట్టుంది. లెక్కపెట్టాను. నలభై ఒకటి. అందులో నేను కావాలని తెచ్చుకున్నది ఒక్కటీ లేదు. అన్నీ మా అక్క వాడి ఇచ్చినవే, చిరిగిపోయినవి పోగా మిగిలినవి.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. ఆసుపత్రిలో నర్సు. అమ్మానాన్న పోయాక నన్ను పెంచింది, జడలు వేసింది, తిట్టింది, చదివించింది తనే. ఇరవై రెండేళ్లకు నాకు పటాల ఆఫీసులో ఉద్యోగం వచ్చినప్పుడు, మొదటి రోజుకని కొత్త గౌను కొనుక్కొచ్చింది. నాకప్పుడు కోపం ముక్కు మీద ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉందనేవాళ్లున్నారు.

"ఇక నాకు కొత్తబట్టలు కొనకు. నేనేం చిన్నపిల్లను కాను. నీకు పాతబడ్డవుంటే ఇయ్యి, వేసుకుంటా. కొత్తది తెస్తే గుమ్మం బయటే పెట్టి వెళ్లు" అన్నాను.

అక్క గౌను మడిచి మళ్లీ సంచీలో పెట్టుకుంది. మాట పట్టింపులో మేమిద్దరం ఒకరికొకరం తీసిపోం. ఆ రోజు నుంచి పద్దెనిమిదేళ్లుగా తను నాకు కొత్త గుడ్డముక్క తేలేదు. నెలన్నరకోసారి, ఆదివారం పూట, ఆసుపత్రి డ్యూటీ దిగి ఆ తెల్ల యూనిఫాంలోనే వస్తుంది. చేతిలో సంచీ. సంచీలో రెండో మూడో పాతబట్టలు. రాగానే నన్ను కావలించుకుని ఊపిరాడకుండా చేస్తుంది, వీపంతా తడుముతుంది, "అసలు తింటున్నావా?" అంటుంది. తిన్నానంటే నమ్మదు. కాసేపు ఉండమంటే ఉండదు.

అక్క బట్టల గురించి నాకు చాలా అభిప్రాయాలుండేవి. దానికి నీలం పిచ్చి అనుకునేదాన్ని. లేత నీలం, బూడిద నీలం, వానమబ్బు నీలం. నాకూ నీలమే ఇష్టం, అది వేరే సంగతి. గుండీలు పోగొట్టుకోవడంలో దాన్ని మించినవాళ్లు లేరనుకునేదాన్ని, ఎందుకంటే ప్రతి చొక్కాకీ ఒక గుండీ వేరే రంగుది ఉండేది. రోజంతా యూనిఫాంలో ఉండే మనిషి కాబట్టి బట్టలు ఇంత చెక్కుచెదరకుండా నా దగ్గరికొస్తున్నాయనుకునేదాన్ని. అవన్నీ నాకు అతికినట్టు సరిపోతుంటే, అక్కాచెల్లెళ్లం కదా, ఒకే అచ్చులో పోశారనుకునేదాన్ని.

ఆ వాన మధ్యాహ్నం మాత్రం మనసులో ఒక మాట గట్టిపడింది. ఇక చాలు. నా బట్టలు నేనే కుట్టుకుంటాను. నలభై ఒకటి అక్కర్లేదు, ఏడు చాలు. ఏడూ నావై ఉండాలి. ఈసారి అక్క సంచీతో వచ్చేసరికి నేను కుట్టుకున్న గౌనుతో తలుపు తీసి, "ఇక తేకు అక్కా" అని చెప్పాలి.

చెప్పడం అనుకున్నంత తేలిక కాదని నాకు తెలుసు. నాకు అక్క కావాలి, అక్క బట్టలు వద్దు. పద్దెనిమిదేళ్లుగా ఆ రెండూ కలిసే నా గుమ్మంలోకి వచ్చాయి. సంచీ వద్దంటే మనిషి కూడా రావడం మానేస్తే? అక్క నాలాంటిదే. ఒక్క మాట అంటే పద్దెనిమిదేళ్లు పట్టుకుని కూర్చోగలదు. నాకు ఈ లోకంలో ఉన్నది అదొక్కతే. ఆ భయంతోనే పని మొదలుపెట్టాను.

మా ఆఫీసులో నా పని పటాలను పల్చటి కాగితం మీదికి ఎత్తి రాయడం. కింద దీపం వెలిగే గాజు బల్ల ఉంటుంది. దాని మీద పాత పటం పరిచి, పైన పారదర్శకంగా ఉండే కాగితం వేసి, నదులు, దారులు, సరిహద్దులు ఒక్కో గీతగా దించుతాను. ఆ పనిలో మాటలుండవు. పొద్దున ఒక కొండ చుట్టూ మొదలుపెడితే మధ్యాహ్నానికి సముద్రానికి చేరతాను. మధ్యలో ఎక్కడెక్కడికి పోయొస్తానో నాకే తెలియదు. మా పెద్దాఫీసరు గారు రెండుసార్లు పిలిస్తేగానీ పలకనని నాకొక పేరుంది.

సిరా ఒలికి పాడైన కాగితాలు ఇంటికి తెచ్చుకునేదాన్ని. అలాంటి ఒక పెద్ద కాగితం మీద నా ఏడు బట్టలనూ గీయడం మొదలుపెట్టాను. బట్టలను కాదు, ముందు రోజులను గీశాను. నేను నిజంగా ఎక్కడ ఉంటాను? బస్సులో, గాజు బల్ల ముందు, పొయ్యి ముందు, కిటికీ దగ్గర. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు తక్కువ, పిలిచినా వెళ్లేది ఇంకా తక్కువ. మరి ఆ మెరుపుల గౌన్లు మూడు ఎవరి కోసం?

ఒకటి, బస్సుకోసం నిలబడే చొక్కా. జేబులు లోతుగా ఉండాలి, వానలో చేతులు అందులో దాక్కోవాలి. ఒకటి బల్ల ముందు వంగి పనిచేసేది, మోచేతుల దగ్గర గుడ్డ రెండు పొరలు. ఇంకొకటి ఎవరితోనూ మాట్లాడక్కర్లేని రోజుది. దానికి ఏ ఆకారమూ గీయలేకపోయాను. కాగితం మీద అలా మబ్బులా వదిలేసి, అది వేసుకుని కిటికీలో కూర్చున్నట్టు, కింద వీధి అంతా నీళ్లలో మునిగి మెల్లగా ఎటో పోతున్నట్టు, నా గది ఒక్కటే కదలకుండా ఉన్నట్టు చాలాసేపు చూశాను. పొయ్యి మీద పాలు పొంగి నేలంతా అయ్యాయి. పాలు పొంగితే పొంగాయి, ఆ గౌను మాత్రం కనిపించింది. మోకాళ్ల కింది దాకా, మెడ దగ్గర వదులుగా, ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డతో. ముందు దాన్నే కుట్టాలనుకున్నాను.

సెలవురోజు సంతలో పాత కుట్టుమిషను ఒకటి దొరికింది, కాలితో తొక్కేది. తొక్కితే వర్షం పడుతున్న రేకుల కప్పులా చప్పుడు చేసేది. ఆ చప్పుడు నాకు నచ్చింది.

కొలతల దగ్గర చిక్కొచ్చింది. మనిషి తన వీపు తాను కొలుచుకోలేడు. టేపు ఒక చివర పట్టుకుంటే రెండో చివర జారిపోతుంది. అద్దంలో చూస్తే కుడిఎడమలు తారుమారవుతాయి. చివరికి నాకు తెలిసిన విద్యే వాడాను. పెద్ద కాగితాన్ని నేల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుని, పెన్సిల్‌తో నా చుట్టూ నేనే గీసుకున్నాను. లేచి చూస్తే కొత్త ఖండం ఒకటి బయటపడి ఉంది, రెండు ద్వీపకల్పాలతో. నవ్వొచ్చింది. కాస్త దిగులు కూడా వేసింది. ఇన్నాళ్లూ నేను ఇంత చోటులో ఉన్నానన్నమాట. ఎడమ భుజం గీత కుడిదానికంటే ఒక వేలు కిందికి ఉంది. పదకొండేళ్లప్పుడు మేడమెట్ల మీంచి పడి ఎముక విరిగితే అది కాస్త వంకరగా అతుక్కుంది. నేనెప్పుడో మరిచిపోయాను. కాగితం మరిచిపోలేదు.

ఆ గీతను శుభ్రంగా దించి, గుడ్డ మీద పెట్టి, సుద్దతో గీసి, గీత మీదే కత్తిరించాను. వెంట్రుకవాసి కూడా అటూఇటూ పోలేదు. నా చేతిని నేనే మెచ్చుకున్నాను. తర్వాతి రెండు సాయంత్రాలూ మిషను మీద వానే వాన. మూడో రోజు గౌను తల మీంచి వేసుకున్నాను. తల దూరింది. ఒక చెయ్యి దూరింది. రెండో చెయ్యి దూరలేదు. కిందికి రాదు, పైకి పోదు. కళ్లు మూతపడి, ఒక చెయ్యి ఆకాశం చూపిస్తూ, గది మధ్యలో కొంతసేపు అలా నిలబడ్డాను. చివరికి పటుక్కుమని పక్క కుట్టు పిగిలితేగానీ బయటపడలేదు.

తప్పేమిటో కిందపడి ఉన్న గుడ్డను చూస్తుంటే తెలిసింది. పటంలో సరిహద్దు గీతకు వెడల్పు ఉండదు. ఇటు ఒక దేశం, అటు ఇంకొకటి, మధ్యలో ఏమీ లేదు. పద్దెనిమిదేళ్లుగా నా చేతికి అదే నేర్పాను. గుడ్డకు అలా కాదు, కుట్టు పడడానికి గీతకు అవతల కొంత వదలాలి. కుట్టుపని నేర్చుకునే ఏ పిల్లయినా మొదటిరోజు తెలుసుకునే సంగతి. ఆ తప్పు చేయాలంటే పటాల ఆఫీసులో పనిచేసి ఉండాలి.

ఎంత వదలాలి? ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ? కుట్టిన బట్ట విప్పి చూస్తే తెలుస్తుంది కదా అనుకున్నాను. బీరువాలోంచి అక్క చొక్కా ఒకటి తీశాను, వానమబ్బు నీలానిది, నాకు అన్నింటికంటే ఇష్టమైనది. మూడో గుండీ గోధుమరంగుది. కిటికీ దగ్గర కూర్చుని బ్లేడుతో ఒక్కో దారమే తెంపుతూ విప్పాను. చాలా నెమ్మదైన పని. చొక్కా చొక్కాగా ఉండడం మానేసి, ముందు భాగం, వీపు, చేతులు, కాలరు అని విడివిడిగా ఒళ్లో పడుతుంటే, ఎవరో నిద్రలో తమ సంగతులన్నీ చెబుతున్నట్టుగా ఉంది.

ముక్కలు ఇస్త్రీ చేసి మర్నాడు ఆఫీసుకు పట్టుకెళ్లాను. భోజనాల వేళ అందరూ బయటికెళ్లాక, గాజు బల్ల మీద వీపు భాగం పరిచి, దీపం వేసి, పైన నా ఒంటి గీత ఉన్న కాగితం వేశాను. ఎంత వదిలారో కొలుద్దామని స్కేలు చేతిలోకి తీసుకున్నాను. తర్వాత స్కేలు కింద పెట్టేశాను.

కింద వెలుగు, దాని మీద నీలం గుడ్డ, దాని మీద నేను. కుట్టు పడిన చోట గుడ్డలో సన్నటి చిల్లుల వరస ఉంటుంది. ఆ చిల్లుల వరస, నా గీత, రెండూ ఒకదాని మీద ఒకటి పోతున్నాయి. మెడ వంపు, చంక వంపు, నడుము. ఎడమ భుజం దగ్గర గుడ్డ కూడా ఒక వేలు కిందికి దిగింది.

అక్క భుజాలు తక్కెడ దండెలా ఉంటాయి. రోగులను ఎత్తి, దించి, అంత తిన్నగా ఉండే భుజాలు ఇంకెవరికీ ఉండవు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఇంకో మూడు విప్పాను. ఒక గౌను, రెండు చొక్కాలు. అన్నింట్లోనూ ఎడమ భుజం ఒక వేలు కిందికే. ఒక చొక్కా నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లోది. దాని నడుము ఇప్పటి నా నడుము కంటే నాలుగు వేళ్లు తక్కువ. అప్పట్లో నేను అంతే ఉండేదాన్ని. అక్క ఇచ్చిన పాతబట్టలు నాతోపాటు పెరుగుతూ వచ్చాయి. గది నిండా నీలం ముక్కలు, మధ్యలో నేను.

మా వీధి మలుపులో టైలరమ్మ దుకాణం ఉంది. రోజూ దాని ముందునుంచే బస్సుకు వెళతాను. ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు, నాకు కుట్టించుకునే పనేముంది? ఆవిడ మాత్రం నేను వెళుతుంటే మిషను ఆపి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, తృప్తిగా తల ఊపేది. ఇదేం చూపురా బాబూ అని తల తిప్పుకుని పోయేదాన్ని. ఆ తల ఊపడం గుర్తొచ్చి, ఆ శనివారం వీపు ముక్క తీసుకెళ్లి ఆవిడ బల్ల మీద పెట్టాను.

"ఇది మీరు కుట్టిందేనా?"

ఆవిడ నోటినిండా గుండుసూదులు. వాటి సందుల్లోంచే మాట్లాడుతుంది. ముక్కను తిప్పి చూసి, "అయ్యో, విప్పేశారేంటమ్మా! ఎంత బాగా కూర్చుందో మీకు" అంది.

"ఇది ఎవరి కొలత?"

ఆవిడ నా ముఖం చూసింది. ఒక్కో సూదీ తీసి డబ్బాలో వేసింది. నోరు ఖాళీ అయ్యాక అంది: "మీ అక్క చెప్పొద్దంది. కానీ నేనేం ఒట్టేయలేదు."

అట్ట చిరిగిన పుస్తకం ఒకటి తీసింది. అందులో ఒక పేజీ పైన "చెల్లి" అని రాసి ఉంది. కింద పద్దెనిమిదేళ్ల కొలతలు, ఒకదాని కింద ఒకటి.

"నాకు ఎవరూ టేపు పెట్టి కొలవలేదే" అన్నాను.

"టేపెక్కడిది? మీ ఇంట్లోంచి చేతులు ఇలా పట్టుకుని వచ్చేది." ఆవిడ రెండు చేతులనూ గాలిలో గుండ్రంగా పట్టుకుని చూపించింది, ఎవరినో కావలించుకున్నట్టు, ఆ ఎవరో మధ్యలోంచి మాయమైనట్టు. "వీధంతా అలాగే నడుచుకుంటూ వచ్చేది. ఎవరైనా పలకరించినా దించేది కాదు. 'తొందరగా టేపు పెట్టు, కొలత జారిపోతుంది' అనేది. నేను ఆ చేతుల మధ్య కొలుచుకునేదాన్ని. వీపు జానల్లో చెప్పేది, భుజం వేళ్లలో చెప్పేది. మొదట్లో పిచ్చిదేమో అనుకున్నానమ్మా, నిజం చెప్పొద్దూ!"

"మరి అవి మా ఇద్దరికీ సరిపోతాయా?" అని అడిగాను. జవాబు తెలిసే అడిగాను.

"ఆవిడకెక్కడ సరిపోతాయి? పక్కలు పట్టేస్తే ఊపిరి బిగబట్టి ఒక పూట తొడుక్కునేది. 'వాడినవే ఇయ్యమంది, అబద్ధం ఆడకూడదు' అనేది. రెండుసార్లు ఉతికేది. ఆఖరికి ఒక గుండీ మార్చమనేది, పాతదిలా కనబడాలని."

"అక్క కొలతలు ఏ పేజీలో ఉన్నాయి?"

టైలరమ్మ పుస్తకం మూసింది. "లేవమ్మా. తనకని ఎప్పుడూ ఒక్కటీ కుట్టించుకోలేదు."

దుకాణం బయట మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు. ఆఫీసులో వెంట్రుకవాసి తేడా వస్తే పట్టేసేదాన్ని, మనిషిని ఎదురుగా పెట్టుకుని పద్దెనిమిదేళ్లు చూడకపోవడం నాకే చెల్లింది. వచ్చిన ప్రతిసారీ ఆ తెల్ల యూనిఫాం చూశాను, సంచీ చూశాను. కోపమూ వచ్చింది. ఇంత నాటకం ఎందుకు, చెంప మీద ఒకటిచ్చి కొత్తది తొడుక్కోవే అంటే పోయేది కదా! ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాను. వానతుంపర ముఖం మీద పడుతోంది. వీధిలో పోయేవాళ్లందరి బట్టలూ ఎవరెవరి చేతుల మధ్యో కొలిచినట్టు కనిపించాయి.

గౌను మళ్లీ కత్తిరించాను, ఈసారి అన్ని వైపులా వదిలి. టైలరమ్మ వద్దన్నా వచ్చి నేర్పింది. కాలరు కాస్త వంకర పోయింది. అయినా ఒంటి మీదికి మబ్బులాగే దిగింది.

ఆదివారం అక్క వచ్చింది. తెల్ల యూనిఫాం, చేతిలో సంచీ. తలుపు తీయగానే నా గౌను చూసి ఆగిపోయింది. కావలించుకోవడానికి ఎత్తిన చేతులు సగంలోనే నిలిచాయి.

"ఎక్కడ కొన్నావే?"

"నేనే కుట్టుకున్నా."

అక్క దగ్గరికి వచ్చి నా ఎడమ భుజం కుట్టు మీద వేలు పెట్టి చూసింది. సరిగ్గానే ఉంది. చెయ్యి తీసేసింది. "బావుంది" అంది. సంచీని కుర్చీ వెనక్కి, నాకు కనబడకుండా జరిపింది. అది చూసి నేను ముందుగా అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"టైలరమ్మ దగ్గరికెళ్లాను అక్కా."

అక్క కూర్చుంది. "చెప్పేసిందా! నోటినిండా సూదులున్నా ఆగదు కదా దాని నోరు."

"ఎందుకిలా చేశావ్?"

"నువ్వే కదే కొత్తవి వద్దన్నావ్."

"నాకప్పుడు ఇరవై రెండేళ్లు! ఏదో వాగాను. తిట్టి తొడిగించాల్సింది."

"తిడితే వినే రకానివా నువ్వు? గుమ్మం బయట పెట్టి పొమ్మన్నావ్." అక్క చేతులు చూసుకుంటూ అంది. "గుమ్మం బయట పెట్టి పోతే నిన్నెలా చూడనే?"

అప్పటికప్పుడు టేపు తెచ్చి అక్క ఎదురుగా నిలబడ్డాను. "లే. కొలుస్తా."

"నాకెందుకే? నాకు యూనిఫాం ఉందిగా."

"లేస్తావా లేదా?"

లేచింది. నిలబడడం చేతకాలేదు దానికి. చేతులు ఎత్తమంటే రోగిని ఎత్తడానికి వంగినట్టు వంగుతుంది. ఊపిరి వదలమంటే బిగబట్టేస్తుంది. "అక్కా, ఇది నీకోసమే, వదులు" అన్నాను. వదిలింది. టేపు మీద అంకె నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ వచ్చింది. ఎవరికీ కనబడకుండా ఇంత మనిషి ఎలా ఉందో! వీపు మీద టేపు పెట్టినప్పుడు యూనిఫాం కింద వెడల్పాటి భుజం ఎముకలు తగిలాయి. రాసుకున్నాను. మెడ, చంక, చేతి పొడవు, అన్నీ రాసుకున్నాను.

"ఏ రంగు కావాలి?"

అక్క చాలాసేపు ఆలోచించింది. కిటికీ బయట వాన మెల్లగా మొదలై మెల్లగా ఆగింది. "ఏమో. నీలం బావుంటుంది కదా" అంది.

"అది నాకు. నీకు?"

మళ్లీ ఆలోచించింది. పద్దెనిమిదేళ్లు గుడ్డల దుకాణాల్లో నా కళ్లతోనే చూసిన మనిషి, తన కళ్లు ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటున్నట్టుంది. ఆ ముఖం చూడలేకపోయాను.

"ఎరుపు" అంది చివరికి, ఎవరైనా వింటారేమో అన్నట్టు. "బాగా ఎర్రది. చూసి ఆసుపత్రిలో వాళ్లంతా నవ్వాలి. ముందువైపు గుండీలుండాలి, నా చేతులు వెనక్కి పోవడం లేదు. నడుము దగ్గర పట్టకూడదు. కూర్చుంటే కాళ్ల మీద పరుచుకోవాలి." ఒకసారి నోరు తెరిచాక ఆగలేదు. జేబులన్నది, చేతులకు మడతలన్నది, ఇంట్లో వేసుకునేది ఇంకొకటి, పసుపుపచ్చది, అన్నది. నా కాగితం అయిపోతే వెనక్కి తిప్పి రాశాను.

వెళ్లేముందు సంచీ తీసుకుని గుమ్మం దగ్గర ఆగింది. దాన్ని ఇవ్వాలో తీసుకెళ్లాలో తెలియలేదు. అప్పుడు అడిగింది, నన్ను చూడకుండా, చెప్పులు వేసుకుంటూ: "అయితే ఇక నేనేం పట్టుకుని రావాలే?"

ఇన్నాళ్లూ నాకున్న భయమే దానికీ ఉందని అప్పుడు తెలిసింది.

"ఏమీ పట్టుకురాకు. ఉత్త చేతుల్తో రా."

"ఉత్త చేతుల్తో ఎలా వస్తానే, పిచ్చిదానా?"

"వచ్చే ఆదివారం వచ్చి చూడు."

ఆ తర్వాతి ఆదివారం, ఆ పై ఆదివారం రాలేదు. ఎర్రగుడ్డ తెచ్చి, ఉతికి, ఆరేసి, కత్తిరించి, టాకాలు వేసి పెట్టాను. టాకాలంటే తర్వాత లాగేసే పొడుగు కుట్లు, ఒంటి మీద పెట్టి చూడ్డానికి. రోజూ ఆఫీసునుంచి వచ్చేసరికి కుర్చీ వీపుకు అది వేలాడుతూ ఉండేది. గది ఒక మూల ఎర్రగా ఉండేది. అక్క రాకపోతే ఏమవుతానో ఆలోచించే ధైర్యం లేక, గుండీలకు కాజాలు గీస్తూ కూర్చునేదాన్ని.

మూడో ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. అక్కే. యూనిఫాం లేదు, వెలిసిపోయిన పాత గౌను ఒకటి వేసుకుంది. చేతుల్లో ఏమీ లేదు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి ముందు కట్టుకుంది, ఒకసారి వెనక్కి పెట్టుకుంది. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి, నా గుమ్మంలో నిలబడి, "రావచ్చా?" అంది.

"రా అక్కా" అన్నాను.

ఎర్రగౌను తొడిగి, కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, అక్కడక్కడా గుండుసూదులు పెడుతూ సరిచేశాను. గుడ్డ అది అడిగినట్టే కాళ్ల మీద పరుచుకుంది. అక్క కాసేపు దాన్ని అరచేత్తో నిమిరింది. ఆసుపత్రి కబుర్లు ఏవో చెప్పింది. చెబుతూ చెబుతూ మాట తగ్గింది. చూస్తే నిద్రపోతోంది. పద్దెనిమిదేళ్లలో నా ఇంట్లో అది కునుకు తీయడం అదే మొదటిసారి. ఎప్పుడూ బస్సుందంటూ లేచిపోయే మనిషి. మధ్యాహ్నపు ఎండ గది మధ్యకు వచ్చి ఆగింది. ఎర్రరంగు దాని ముఖం మీదికి ఎక్కి, అక్క చిన్నప్పటి అక్కలా కనిపించింది. నిద్రలో కదిలితే గుచ్చుకుంటాయని, పక్కన మోకాళ్ల మీద కూర్చుని గుండుసూదులు ఒక్కొక్కటే తీశాను.

ఆఖరిది తీస్తుంటే కళ్లు తెరవకుండానే అంది, "నా బస్సు టైమైందేమో చూడవే."

"బస్సు వెళ్లిపోయిందిలే అక్కా, పడుకో" అన్నాను.

ఆ వేళకి ఇంకా రెండు బస్సులున్నాయి.